పళ్ల కోసం ఎవరైనా పోతారా?

"పళ్ల ఆపరేషన్‌కి ఎవరైనా పోతారా అమ్మా? ఐస్ పెట్టుకోండి, పొద్దున చూద్దాం."

అర్ధరాత్రి ఫోన్లో క్లినిక్ అమ్మాయి అన్న మాట ఇది. ఒళ్లు కుదుటపడ్డా ఈ మాట మీద కోపం మాత్రం పోలేదు.

నేను పుట్టింది కనిగిరి వైపు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, అక్కడ పెరిగిన మా అందరి పళ్లకూ గోధుమరంగు చారలే. కావలికి కాపురానికొచ్చాక కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేదాన్ని. మచ్చలు నీళ్ల వల్ల వచ్చాయి గానీ, కింది పళ్లు ఊడగొట్టింది షుగరూ చిగుళ్ల జబ్బూ. కట్టుడు పళ్లు నిలవక, చివరికి పళ్ల సెట్టు బిగించడానికి కింది దవడ ఎముకలో నాలుగు టైటానియం స్క్రూలు (ఇంప్లాంట్లు) వేయించుకున్నా. ఆ పరీక్షలూ మత్తు సూదులూ అందరికీ తెలిసినవే.

స్క్రూలు వేసిన రాత్రి మజ్జిగ తాగబోతే మింగుడు పడలేదు. టార్చి వేసి అద్దంలో చూసుకుంటే నాలుక కింద నేరేడు పండులా నల్లగా ఉబ్బి ఉంది. చూస్తుండగానే నాలుక పైకి లేచి అంగిలికి ఆనింది. మాట ముద్దయింది. పడుకుంటే ఊపిరి ఆడదు, ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం. ఉమ్మి కూడా మింగలేక తువ్వాలు పట్టుకుని కూర్చున్నా. మా ఆయన ఫోన్ చేస్తే వచ్చిన జవాబే పైన రాసింది. ఆయన నిజంగానే ఐస్ తేబోయారు. అల్లుడు ఒప్పుకోలేదు. "అత్తయ్యా, పొద్దున దాకా వద్దు, లేవండి" అని కారు తీశాడు. కోవూరు దాటి పెన్నా వంతెన ఎక్కేసరికి నాకు ఊపిరి ఈలలా వస్తోంది. రంగనాథస్వామికి ఏం మొక్కానో కూడా గుర్తులేదు.

నెల్లూరు ఆస్పత్రిలో గొంతులోకి గొట్టం వేసి బతికించారు. మత్తు డాక్టరమ్మ చేతులు నా కళ్లకద్దుకోవాలి. డ్రిల్లు దవడ ఎముక లోపలి గోడ దాటి నాలుక కింది రక్తనాళానికి తగిలిందట. అరుదేనట, కానీ ఆ వాపు ఊపిరి దారిని మూసేయగలదట. స్క్రూలు వేసిన డాక్టరు ఐసీయూకొచ్చి నిలబడ్డాడు. లోపలి గోడ ఎక్కడుందో స్కానింగ్‌లో కనపడుతుందిగా, చూశారా అని కాగితం మీద రాసి చూపించా. తల దించుకున్నాడు. అయినా వచ్చాడు, అది ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి ఫోనైనా చెయ్యలేదు.

స్క్రూలు తీయాల్సిన పని పడలేదు. ఎముక టైటానియాన్ని తనలో కలుపుకుంటుంది. స్వీడన్‌లో బ్రేన్‌మార్క్ అనే డాక్టరు 1965లో ఈ పద్ధతిలో మొదటిసారి మనిషికి పళ్లు పెట్టాడని మా అమ్మాయి చదివి చెప్పింది. పైన బిగించే సెట్టు దేంతో చేయించాలన్నదే అసలు తగువు. డాక్టరు జిర్కోనియా అన్నాడు, అంటే పింగాణీ లాంటి గట్టి పదార్థం; యాక్రిలిక్ కన్నా ఖర్చు దాదాపు రెట్టింపు. ల్యాబ్ అబ్బాయి రెండు నమూనాలు నా చేతిలో పెట్టాడు. జిర్కోనియా చల్లగా, బరువుగా ఉంది. అరగదు, మరక పట్టదు. విరిగితే మాత్రం అతుకు లేదు, మళ్లీ కొత్తది చేయించుకోవాల్సిందే. యాక్రిలిక్ అంటే ఒక రకం ప్లాస్టిక్, తేలిక, లోపల లోహపు కడ్డీ ఉంటుంది. కడ్డీకి కోబాల్ట్ క్రోమ్ అనే మిశ్రమ లోహం చవక, కానీ టైటానియం కన్నా దాదాపు రెట్టింపు బరువు. యాక్రిలిక్ పళ్లు కొన్నేళ్లకు అరుగుతాయి, పసుపు మరకలు పడతాయి, ఊడతాయి కూడా. ఊడితే సెట్టు విప్పి అతికించుకోవచ్చు. క్లినిక్ అడుగు దూరంలో లేని నాకు అదే కావాలనిపించింది. టైటానియం కడ్డీ మీద యాక్రిలిక్ చేయించుకున్నా. జంతిక కొరికి ఒక పన్ను ఊడగొట్టుకున్నా, సాయంత్రానికి అతికించి ఇచ్చారు. మా ఆడపడుచు జిర్కోనియా వేయించుకుంది. "వదినా, నీ పళ్లకి చేపల పులుసు రంగొచ్చిందే" అని నవ్వుతుంది. అదీ నిజమే, ఆమెవి ఇంకా కొత్తగానే ఉన్నాయి.

రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకున్నా. కోరిక తీరిందని మరుసటి ఏడు నేనే ఇంకొకామెకి ఇచ్చా. నమ్మేవాళ్లు నమ్మండి.

వేయించుకోబోయేవాళ్లకి చెబుతున్నా: ముందు షుగర్ అదుపులో పెట్టుకోండి. రాత్రి ఫోన్ ఎత్తేది డాక్టరా, కౌంటర్ అమ్మాయా అని అడగండి. నాలుక కింద వాపొస్తే ఐస్ కోసం వెతక్కండి, పెద్దాస్పత్రికి పరుగెత్తండి. స్క్రూ ఏ కంపెనీదో, ఏ సైజో కార్డు మీద రాయించుకోండి. ఒక్కో కంపెనీ స్క్రూ విప్పడానికి ఒక్కో రకం పనిముట్టు కావాలి. నా కార్డు పర్సులో ఆధార్ పక్కనే ఉంటుంది. పన్ను ఊడిన రోజు వాళ్లు ముందు అడిగింది ఆ కార్డే.