ఆనుకోవడానికి ఒక్కటీ లేని రోజు

జూన్ నెలాఖరు, మంగళవారం. కఛ్యావ్, చైనా.

పొద్దున లేచేసరికే ముసురు పట్టి ఉంది. యాంగ్జీ నది దిగువ ప్రాంతమంతటా జూన్ మధ్యలో మొదలై జూలై దాకా సాగే ఈ వానలు ప్లమ్ పళ్లు పండే వేళ కురుస్తాయి కనుక వీటిని ప్లమ్ వానలంటారు. ఈ రోజుల్లో గోడలు చెమరుస్తాయి, ఆరేసిన చొక్కా మర్నాటికి కూడా తడి వాసన వదలదు, మూలన విడిచిన తోలు చెప్పుల మీద బూజు లేస్తుంది. షావ్‌షింగ్ నగరంలో భాగమైన ఈ కఛ్యావ్ బట్టల టోకు వ్యాపారానికి పెట్టింది పేరు. మన దేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వ్యాపారులు చాలామందే ఉన్నారు, వారికోసం వెలసిన ఇండియన్ హోటళ్లూ ఉన్నాయి. నేను వ్యాపారిని కాను. కొన్న సరుకును ఓడకెక్కించే ముందు తనిఖీ చేసే ఉద్యోగిని.

ఈ పని చూడనివారికి చెప్పడం కష్టం. దీపాలు వెలిగే పలక మీదుగా బట్ట తాను సాగిపోతూ ఉంటుంది, నేను నిలబడి దానిని చూస్తూ ఉంటాను. తెగిన పోగు, వదులైన పేక, నూనె మరక, రంగు ఎక్కని చార ఏది కనిపించినా బట్టను ఆపి, అక్కడ చిన్న స్టిక్కరు అంటించి, దాని పొడవును బట్టి పాయింట్లు వేయాలి. మూడు అంగుళాల లోపు లోపానికి ఒకటి, తొమ్మిది అంగుళాలు దాటినదానికి నాలుగు. నూరు చదరపు గజాలకు నలభై పాయింట్లు మించితే సాధారణంగా ఆ తానును తిప్పి పంపుతారు. ఈ ఉదయం చూసిన బూడిదరంగు పాలిస్టర్‌లో చెప్పుకోదగ్గ లోపమేదీ లేదు. నిజానికి లోపం లేని బట్టే మనిషిని ఎక్కువ అలిసిపోయేలా చేస్తుంది. గజాలకు గజాలు ఒకే బూడిదరంగు కళ్ల ముందు పారుతుంటే, చూస్తున్నది నేనేనా అన్న అనుమానం వస్తుంది.

పదకొండింటికి అద్దకం మిల్లు నుంచి కబురు వచ్చింది. తేమ వల్ల రంగు కుదరలేదని, రెండో లాటు ఇవాళ రాదని. ఇక సాయంత్రం దాకా చేయవలసింది ఏమీ లేదు, అలాగని ఆఫీసు వదిలి వెళ్లడానికీ లేదు. పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగిని అప్పుడు ఫోనులో ఎవరితోనో తన పరిస్థితిని నాలుగక్షరాల్లో చెప్పింది: బాయ్ వూ ల్యావ్ లాయ్. చెప్పి, నవ్వి, మళ్లీ వీడియోలు చూడడంలో పడిపోయింది. విసుగును చెప్పడానికి ఇక్కడ అందరూ వాడే జాతీయమే ఇది. మనసు ఆనుకోవడానికి నూరింటిలో ఒక్క ఊతమూ లేదని దాని అర్థం. ఆమె నోట అది ఆవలింతంత తేలికగా వచ్చింది. అయితే దాని వెనకున్న కథలు కొన్ని తెలిసినవాణ్ని కావడం వల్ల, నేను దానిని అంత తేలికగా వదిలేయలేకపోయాను.

ఊతం లేదన్న ఆ మాట హాన్ వంశపు చరిత్ర గ్రంథంలో త్సాయ్ యెన్ పేరున నిలిచిన కవితలో ఉంది. ఆమె రెండో శతాబ్దపు చివరి కాలపు మనిషి, గొప్ప పండితుని కూతురు. దేశం అల్లకల్లోలమైన రోజుల్లో ఉత్తరాది గుర్రపు దండులు ఆమెను ఎత్తుకుపోయాయి. పన్నెండేళ్లు వారి మధ్య బతికి, ఇద్దరు కొడుకులను కన్న తరువాత, తండ్రి స్నేహితుడైన త్సావ్ త్సావ్ ధనమిచ్చి ఆమెను విడిపించాడు. విడుదల తల్లికి మాత్రమే, పిల్లలకు కాదు. కొడుకు మెడను వాటేసుకుని, అమ్మా ఎక్కడికి పోతున్నావు, నువ్వు వెళ్లిపోతావంటున్నారు, మళ్లీ వస్తావా అని అడిగిన ఘట్టం ఆ కవితలోనే ఉంది. తీరా పుట్టినూరు చేరితే తనవారెవరూ మిగల్లేదు, కోటగోడలు అడవిలో కలిసిపోయాయి, ఇంటి ముంగిట ముళ్లకంపలు మొలిచాయి. ఊపిరి బలవంతాన పీలుస్తున్నాను, బతికి ఉన్నా దేనిని ఆనుకోవాలి అంటుంది ఆమె. అదే మాట ఇవాళ రంగు కుదరని లాటు కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి నోటికి వచ్చిందంటే దానిలో తప్పు పట్టవలసిందేమీ లేదు. ఎంత బరువైన మాటైనా వాడగా వాడగా అరిగిపోతుంది.

ఈ ఊరివాడే అయిన లూ యోవ్ గురించి కూడా ఇదే మాట వాడారు. ఆయన పన్నెండో శతాబ్దపు కవి. ఉత్తరాన్ని ఆక్రమించిన జిన్ రాజ్యం మీద యుద్ధానికి వెళ్లాలని జీవితమంతా తపించాడు, ఆ యుద్ధం ఆయనకు దక్కలేదు. తొమ్మిది వేలకు పైగా పద్యాలు మాత్రం మిగిలాయి. 1898 సంస్కరణలు విఫలమై జపాన్‌కు పారిపోయిన సంస్కర్త ల్యాంగ్ ఛీఛావ్ ఆ పద్యాలను చదివి, గుండెలో లక్ష సైన్యం వృథా అయిపోగా, ఊతమేదీ లేక ఈయన పద్యమై పలికాడని రాశాడు. తొమ్మిది వేల పద్యాలు రాసినవాడిని పనిలేనివాడని ఎవరనగలరు?

నన్ను ఆపిందీ ఈ విషయమే. విసుగంటే ఖాళీగా కూర్చోవడమని, ఏదో ఒక పని పెట్టుకుంటే పోతుందని మా పెద్దవాళ్లు అనేవారు, నేనూ చాలాకాలం అదే నమ్మాను. ఈ జాతీయం అంటిపెట్టుకున్న మనుషులెవరూ ఖాళీగా లేరు. వారందరిలోకీ ఆధునిక చైనా కథకుడు లూ షున్ మరీ ఖాళీగా లేడు. ఆయనదీ షావ్‌షింగే. ఆయన వీధినే ఉన్న షెన్ తోటకు, అక్కడి గోడ మీద లూ యోవ్ రాసిన పద్యం కోసమని, ఆదివారాల్లో జనం పనిగట్టుకుని మరీ వెళతారు. లూ షున్ ఇంటి ముందు రద్దీ ఇంకా ఎక్కువ, నేనైతే వానరోజున తప్ప అటు వెళ్లను.

1912 మేలో ఆయన బీజింగ్ వచ్చి, విద్యాశాఖలో ఉద్యోగం చేస్తూ, షావ్‌షింగ్ వారి కోసం కట్టిన సత్రంలో దిగాడు. మావాళ్లు మగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండీ వెళ్లినప్పుడు ముందుగా తమ ఊరివారి గదులను వెతుక్కున్నట్టే, అప్పట్లో ఏ జిల్లావారికి ఆ జిల్లా సత్రం ఉండేది. 1919 నవంబరు దాకా ఆయన అక్కడే ఉన్నాడు. వెనుకటి రోజుల్లో ఒక స్త్రీ ఉరివేసుకుందని చెప్పుకునే చెట్టు ఒకటి ఆ ముంగిట్లో ఉండేది. ఆమె మరణం వల్ల మిగతావారు దూరంగా ఉన్న ఆ గదుల్లోనే ఆయన కాపురం పెట్టాడు. పగలు ఆఫీసు. రాత్రి దీపం ముందు హాన్, వెయ్ కాలాల నాటి రాతి శాసనాల ప్రతులను ఒక్కొక్క అక్షరం చొప్పున కాగితం మీదికి ఎక్కించడం. అధ్యక్షుడు యువాన్ షికాయ్ గూఢచారులు అధికారుల మీద కన్నేసిన రోజులవి కనుక, ఏదో ఒక నిరపాయమైన వ్యసనం కనబరచడం క్షేమమని ఆ పని మొదలైందని ఆయన తమ్ముడు తరువాత రాశాడు. భయం తగ్గాక కూడా ఆయన ఆపలేదు. వేసవి రాత్రుల్లో తాటాకు విసనకర్రతో దోమలను తోలుకుంటూ ఆ చెట్టు కింద కూర్చుని, గుబురు ఆకుల సందుల్లోంచి తునకలు తునకలుగా ఆకాశాన్ని చూస్తుంటే, గొంగళిపురుగులు చల్లగా మెడ మీద పడేవట.

మెడ మీద పడే ఆ పురుగు దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఏకాంతాన్ని విషసర్పం వలె ఆత్మను చుట్టుకుందని ఆయనే మరోచోట వర్ణించాడు, అది పెద్ద మాట. పురుగు చిన్నది. పగటి ఉద్యోగం, రాత్రి నకళ్లు, నెలజీతం, దినచర్యలో వంకపెట్టడానికేమీ లేని మనిషి మెడను చల్లగా తాకి, నువ్వింకా ఇక్కడే ఉన్నావని అది గుర్తు చేసేది.

ఒక రాత్రి స్నేహితుడొకడు వచ్చి ఆ నకళ్ల పుస్తకాన్ని తిరగేసి, వీటి వల్ల ప్రయోజనమేమిటని అడిగాడు. ఏమీ లేదన్నాడు లూ షున్. మరి ఎందుకు రాస్తున్నావు? ఎందుకూ కాదు. అయితే మా పత్రికకు ఏదైనా రాయకూడదా అన్నాడు స్నేహితుడు. కిటికీలు లేని ఇనుప ఇంట్లో నిద్రలోనే ఊపిరాడక పోతున్నవారిని లేపడం న్యాయమా అని ఆయన వాదించాడు, చివరికి ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు నుంచి 1918లో ఆయన తొలి ఆధునిక కథ వచ్చింది. పనికి పని తోడవడం కన్నా, చేస్తున్న పని ఎందుకని ఒక మనిషి ఎదుట కూర్చుని అడగడమే అక్కడ ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం. సాహిత్య చరిత్రకారులు ఒప్పుకుంటారో లేదో మరి.

ఏడేళ్ల తరువాత, 1925లో, ఆయన రాసిన ప్రేమకథలో ఈ జాతీయం నేరుగా కనిపిస్తుంది. ప్రేయసి కోసం ఎదురుచూస్తున్న యువకుడు చేతికందిన పుస్తకాన్ని తీసి చదువుతాడు. పదికి పైగా పుటలు తిరిగిపోతాయి, ఒక్క ముక్కా బుర్రకెక్కదు. చెవులు మాత్రం చురుకైపోతాయి. వీధిలో వినిపించే అడుగుల్లో ఆమె అడుగును వెతుకుతూ, ఆమె నడకలా వినిపించని గుడ్డబూట్ల కుర్రవాణ్ని అసహ్యించుకుంటాడు. అచ్చం ఆమె నడకలా వినిపించే పక్కింటి కొత్త తోలుబూట్లనూ అసహ్యించుకుంటాడు. ఈ ఒక్క వాక్యం కోసం ఆ కథను మళ్లీ మళ్లీ తెరుస్తుంటాను. ఆ యువకుడిది సుఖమైన శూన్యమని కూడా అనిపిస్తుంది. తనకు కావలసింది ఏమిటో, అది ఏ చప్పుడుతో వస్తుందో అతనికి తెలుసు.

మధ్యాహ్నం ఫోను చూస్తూ కూర్చున్న రెండు గంటల్లో నేను దేని కోసం చెవి ఒగ్గి ఉన్నానని ఎవరైనా అడిగితే, జవాబు లేదు. రెండో లాటు కోసం కాదు, అది రేపైనా వస్తుంది. పెకింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన షూ కైవెన్ అనే మానసిక వైద్యుడు 2016లో ఇటువంటి స్థితికి బోలు గుండె జబ్బని పేరు పెట్టాడు. పరీక్షల్లో ముందుండే పిల్లలకు ఎందుకు బతుకుతున్నామో తెలియకపోవడం ఆయనను కలతపెట్టింది. ఆ పేరు ఇక్కడ బాగా ప్రచారంలోకి వచ్చింది. అయినా జబ్బంటే మందు కోసం చూస్తాం. పాత జాతీయం అటువంటి ఆశ పెట్టదు, అందుకే నాకు అదే నచ్చుతుంది.

రాత్రి తొమ్మిదింటికి నాన్న ఫోను చేశాడు. అప్పటికి సిరిసిల్లలో ఆరున్నర. మూడేళ్ల కిందట ఆయన తన సాంచాలు, అంటే మరమగ్గాలు, అమ్మేశాడు. బతుకమ్మ చీరల ఆర్డర్లు ఉన్నన్నాళ్లు రాత్రింబవళ్లు ఆడిన సాంచాలవి. ఆసామిగా బతికిన మనిషి ఇప్పుడు అరుగు మీద కూర్చుని, బజారులో పోయేవారిని పిలిచి మాట్లాడుతున్నాడని అమ్మ చెప్పింది. నాకు మాత్రం ఆయన ఎప్పుడూ ఒకే తీరుగా ఫోను చేస్తాడు, క్షేమసమాచారం ముందు అడగడు.

“ఇయ్యాల ఏం బట్ట జూసినవ్ బిడ్డా?”

“బూడిదరంగు పాలిస్టర్, నాన్నా.”

“రంగు గాదురా, అంగుళానికి పిక్కులెన్ని?”

తెలియదన్నాను. బట్టలో లోపాలు చూడడమే నా పని, పిక్కులంటే పేక పోగులు, ఆ లెక్క మిల్లువాడు కాగితం మీద రాసి ఇస్తాడు. ఆయన ఊరుకోలేదు. నమూనా ముక్క నీ దగ్గర ఉండదా అన్నాడు, ఉంది. సంచిలోంచి తీసి, పోగులు లెక్కించే చిన్న అద్దాన్ని దానిమీద పెట్టి, టేబుల్ దీపం కింద వంగి, సూదిమొనతో ఒక్కొక్క పోగునూ దాటుకుంటూ లెక్కపెట్టాను. సగంలో లెక్క తప్పింది, మళ్లీ మొదలుపెట్టాను. ఆయన అటువైపు మాట్లాడకుండా లైనులోనే ఉన్నాడు. డెబ్బై రెండు అన్నాను. ఆ నూలుకు డెబ్బై రెండు రాదని, బట్ట మరీ గట్టిపడుతుందని, నేను పడుగును పేకగా తిప్పి పట్టుకుని ఉంటానని ఆయన వాదన. అంచు చూసే పట్టుకున్నానని నేనన్నాను. అంచు ఉన్న ముక్కేనా, నడిమి ముక్కనా అని ఆయన. అది నడిమి ముక్కే. కాల్చి చూడమన్నాడు, పోగు పీకి చూడమన్నాడు, ఏ పోగుకు ముడతలెక్కువో చెప్పమన్నాడు. మా వాదం తేలేసరికి పదిన్నర అయింది, తేలిందని కూడా అనలేను. రేపు రెండో లాటు వస్తే అంచున్న ముక్కను కత్తిరించి తెచ్చుకోమని, ఫోను చేసేముందే లెక్క సిద్ధంగా ఉంచుకోమని చెప్పి పెట్టేశాడు.