నేను వదిలేసిన వచనం

మూడు వారాలు నేను ఆ ఆసుపత్రికి వెళ్లలేదు.

నేను పాస్టరుగా ఉన్న సంఘంలో అందరికంటే పెద్దావిడ అక్కడ మంచం మీద ఉన్నారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అయ్యగారూ, అమ్మ మిమ్మల్ని అడుగుతోంది, వీలు చూసుకుని ఒక్కసారి రండి" అంది. "తప్పకుండా వస్తానమ్మా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు వెళ్దామనే అనుకున్నాను. మర్నాడు కమిటీ మీటింగ్ వచ్చింది. ఆ తర్వాత ఆదివారం ప్రసంగం సిద్ధం చేసుకోవాలి. తర్వాత ఒక కుటుంబంలో గొడవ, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. ఏదీ అబద్ధం పని కాదు. అన్నీ నా పరిచర్యలో భాగమే. అందుకే మనస్సాక్షి కూడా నన్నేమీ అనలేదు. సేవలోంచి పారిపోయేవాడికి దాక్కోవడానికి సేవకంటే మంచి చోటు దొరకదని నాకు అప్పటికి తెలియదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, త్వరలో పాస్టరుగా అభిషేకం తీసుకోబోతున్న ఒక తమ్ముడు పోయిన వారం నన్నడిగాడు: "అయ్యగారూ, ఎప్పుడైనా ఇదంతా వదిలేసి వెళ్లిపోవాలనిపించిందా?" "అనిపించింది" అని ఒక్క ముక్కలో చెప్పి మాట మార్చేశాను. ఆ పిల్లవాడు అంత ధైర్యం చేసి అడిగితే అది సరైన జవాబు కాదు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఆసుపత్రికి వెళ్లకపోవడానికి అసలు కారణం మీటింగులు కాదు. అంతకు కొన్ని రోజుల ముందు నాలుగేళ్ల పిల్లవాణ్ని సమాధి చేశాను. మట్టి వేసే ముందు ఆ తండ్రి నా వైపు తిరిగి, "ఎందుకయ్యగారూ?" అన్నాడు. నా చేతిలో ఆరాధనక్రమం పుస్తకం ఉంది. అందులో తర్వాత చదవాల్సిన భాగం చదివాను. అది సత్యమే, నేను నమ్మేదే. కానీ ఆయన అడిగిందానికి అది జవాబు కాదు, ఆయన ముఖం చూడకుండా ఉండటానికి నాకు దొరికిన కాగితం. ఆ రోజు నుంచి చావు దగ్గరలో ఉన్న ఏ గదిలోకి అడుగుపెట్టాలన్నా కాళ్లు వెనక్కి లాగేవి.

ఆ దినాల్లో రాత్రిళ్లు నిద్ర పట్టక పాతకాలపు దైవజనుల జీవితాలు చదువుతూ కూర్చునేవాణ్ని. ధైర్యం తెచ్చుకుందామని మొదలుపెట్టాను. తీరా చూస్తే పుస్తకం తీసిన చోటల్లా ఎవరో ఒకరు పారిపోతూ కనిపించారు.

నాలుగో శతాబ్దంలో, ఇప్పటి తుర్కీలో ఉన్న నజియాంజస్ ఊరి గ్రెగరీ సంగతే చూడండి. 361 ప్రాంతంలో ఆయన్ని బలవంతంగా ప్రెస్బితరుగా, అంటే బిషప్ కింద సేవచేసే గురువుగా, అభిషేకించింది ఎవరో కాదు, సొంత తండ్రే. ఆ తండ్రి అక్కడి బిషప్. గ్రెగరీకి అది ఎంత కష్టంగా తోచిందంటే, ఊరు విడిచి పొంతు అనే ప్రాంతంలో ఉన్న స్నేహితుడు బాసిల్ దగ్గరికి వెళ్లిపోయాడు. 362 ఈస్టర్‌కి తిరిగొచ్చాడు. తానెందుకు పారిపోయాడో, ఎందుకు తిరిగొచ్చాడో వివరిస్తూ పెద్ద ప్రసంగమే రాశాడు. పారిపోవడానికి ఆయన చెప్పిన కారణాలు ఎవరూ కొట్టిపారేయలేనివి. ఒళ్లు బాగుచేసే వైద్యుడి పనే కష్టమంటే, ఆత్మలకు వైద్యం చేయడం ఇంకెంత కష్టం? తాను శుద్ధుడు కాకుండా ఇతరుల్ని ఎలా శుద్ధి చేస్తాడు? ఇవన్నీ అంత లోతుగా చెప్పి, తిరిగిరావడానికి మాత్రం చాలా మామూలు కారణాలు చెప్తాడు. మీమీద బెంగ పెట్టుకున్నాను, అమ్మానాన్నలు ముసలివాళ్లయ్యారు, దేవుడు పంపితే పారిపోయిన యోనా కథ గుర్తొచ్చింది. అంతే. దర్శనం కలిగిందనీ స్వరం వినిపించిందనీ ఎక్కడా అనడు.

తిరిగొచ్చాక ఏం జరిగిందో తెలుసా? రమ్మని అంతగా పట్టుబట్టినవాళ్లే ఆయన వచ్చాక వినడానికి రాలేదు. దాని గురించి ఆయన ఒక చిన్న ప్రసంగం చేశాడు, అది ఇప్పటికీ ఉంది. ఖాళీ బల్లల ముందు నిలబడి మాట్లాడిన ప్రతి పాస్టర్ అది చదవాలి.

ఆ కాలంలోనే ఉత్తర ఆఫ్రికాలో ఉన్న అగస్టీన్ ఇంకా జాగ్రత్త పడ్డాడు. బిషప్ లేని ఊరికి వెళ్తే జనం తనను పట్టుకుని ఆ స్థానంలో కూర్చోబెడతారని భయపడి, అలాంటి ఊళ్ల దరిదాపులకే వెళ్లేవాడు కాదు. హిప్పో అనే ఊళ్లో వలేరియస్ అనే బిషప్ ఉన్నాడు కదా, భయం లేదనుకుని వెళ్లాడు. 391లో అక్కడ జనం ఆయన్ని పట్టుకుని ముందుకు నెట్టి ప్రెస్బితరుని చేయించారు. ఆయన ఏడ్చాడు. పక్కనున్న కొందరు, "పాపం, బిషప్‌ని చేయలేదని ఏడుస్తున్నాడు" అనుకుని ఓదార్చారట. ఆయన ఏడుపు వేరు. తర్వాత వలేరియస్‌కి ఉత్తరం రాసి, ఈస్టర్ దాకా గడువివ్వండి, లేఖనాలు చదువుకోవాలి అని బతిమాలాడు. అప్పటికే పేరున్న పండితుడు, వాగ్ధాటి నేర్పే మాస్టారుగా పనిచేసినవాడు. అంతటివాడు ఈ పనికి నాకు కావలసినంత తెలియదు అన్నాడు. ఆ ఉత్తరం గురించి చదివినప్పుడు నేను లైటు ఆర్పకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను.

వీళ్లంతా మొదట్లో భయపడ్డారు, తర్వాత కుదురుకున్నారు అనుకుందామా అంటే, జాన్ వియానీ అనే కాథలిక్ గురువు ఉన్నాడు. ఫ్రాన్సులో ఆర్స్ అనే పల్లెకి 1818లో వెళ్లాడు. అప్పటికి అక్కడ ఉన్నది సుమారు 230 మంది. కొన్నేళ్లకి దేశం నలుమూలల నుంచి జనం ఆయన దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి రావడం మొదలైంది. రోజుకు 16 గంటల దాకా ఆ ఇరుకు చోట కూర్చుని వినేవాడు. అలాంటి మనిషి ఒకసారి కాదు, చాలాసార్లు ఆ ఊరు విడిచిపోవాలని చూశాడు. 1853లో రాత్రిపూట బయల్దేరితే ఊరివాళ్లు అడ్డుపడి వెనక్కి తెచ్చారు. తాను ఈ పనికి తగనివాణ్ననీ, ఎక్కడైనా ఏకాంతంలో తన పాపాల కోసం ఏడవాలనీ ఆయన కోరిక. 1859లో అదే ఊళ్లో చనిపోయాడు. బయటివాళ్లకి ఆయన కొండలా కనిపించాడు. లోపల 35 ఏళ్ల తర్వాత కూడా "నేను తగను" అనే మాట పోలేదు. మన సంఘాల్లో పాస్టర్ అలసిపోయానంటే విశ్వాసం తగ్గిందంటారు. ఆ మాట అనేముందు వియానీని గుర్తు చేసుకోవాలని నా మనవి.

అలాగని వెళ్లిపోవడం అంతా తప్పని నేననను. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని "నా ప్రాణం తీసుకో" అన్నప్పుడు దేవుడు ఆయన్ని మందలించలేదు. దూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చింది. తిని పడుకున్నాక మళ్లీ లేపి ఇంకోసారి తినమంది. మాటలు ఆ తర్వాతే. నిజంగా అరిగిపోయిన సేవకుడికి సెలవు కావాలి, కొందరికి డాక్టర్ కూడా కావాలి. నా సంగతి అది కాదు. నేను బాగానే తింటున్నాను, బాగానే పని చేస్తున్నాను. ఒక్క తలుపు మాత్రం తట్టడం లేదు.

ఆ రోజుల్లో నన్ను ఎక్కువగా పట్టి కుదిపింది జర్మన్ పాస్టర్ బోన్‌హాఫర్. 1933 అక్టోబరులో జర్మనీ విడిచి లండన్‌లో పరిచర్యకి వెళ్లాడు. అప్పటికి జర్మనీలో సంఘం హిట్లర్ మనుషుల చేతుల్లోకి పోతోంది. వేదాంతి కార్ల్ బార్ట్ ఆయనకి గట్టిగా ఉత్తరం రాశాడు, తర్వాతి ఓడకే వెనక్కి రమ్మని. ఆయన వెంటనే రాలేదు. 1935లో వచ్చాడు. మళ్లీ 1939 జూన్‌లో న్యూయార్క్ వెళ్లాడు. అక్కడ స్నేహితులు ఆయన కోసం పని చూసిపెట్టారు, ప్రాణభయం లేదు. నెల తిరక్కుండానే తిరుగు ఓడ ఎక్కేశాడు. ఈ కష్టకాలం నా ప్రజలతో కలిసి పంచుకోకపోతే, యుద్ధం అయ్యాక అక్కడి సంఘాన్ని మళ్లీ కట్టడంలో పాలుపొందే హక్కు నాకుండదు అని అమెరికా వేదాంతి నీబూర్‌కి రాశాడు. 1945 ఏప్రిల్ 9న హిట్లర్ ప్రభుత్వం ఆయన్ని ఉరితీసింది. వయసు 39.

నా ముందు ఉరి లేదు. రెండంతస్తులు ఎక్కితే చాలు, ఒక ముసలావిడ మంచం. అది చదివిన మర్నాడు సాయంత్రం వెళ్లాను.

ఆవిడ చాలా చిక్కిపోయారు. ముఖానికి మాస్కు ఉంది, మాట్లాడే ఓపిక లేదు. కుడిచేతి చూపుడువేలికి క్లిప్ పెట్టారు, అందులో ఎర్రలైటు వెలుగుతోంది. నన్ను చూసి కళ్లతోనే గుర్తుపట్టారు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదన్న నిందేమీ ఆ కళ్లలో నాకు కనబడలేదు. ఉంటే బాగుండుననిపించింది. బైబిలు తీసి 23వ కీర్తన మొదలుపెట్టాను. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు." మాస్కు లోపల ఆవిడ పెదాలు కదులుతున్నాయి. నాతోపాటే చెప్తున్నారు. "నా ప్రాణమునకు ఆయన సేదదీర్చుచున్నాడు, తన నామమునుబట్టి నీతిమార్గములలో నన్ను నడిపించుచున్నాడు."

అక్కడి నుంచి నేను సరాసరి "నా శత్రువుల యెదుట నీవు నాకు భోజనము సిద్ధపరచుదువు" దగ్గరికి వెళ్లిపోయాను. పొరపాటున కాదు. చనిపోతున్న మనిషి ముందు గాఢాంధకారపు లోయ మాట ఎందుకులే అనుకున్నాను. వాళ్లమ్మాయి పక్కనే ఉంది, ఆ పిల్ల ఏడుస్తుందేమోనని. ఆవిడ మీద దయ చూపిస్తున్నాననే అనుకున్నాను.

ఆవిడ వేలెత్తారు. ఎర్రలైటు ఉన్న ఆ వేలు దుప్పటి మీంచి కొద్దిగా లేచి అలాగే ఆగింది. నేను ఇంకో వాక్యం చదివాను. వేలు దిగలేదు. వాళ్లమ్మాయి, "ఏంటమ్మా, నీళ్లు కావాలా?" అంది. ఆవిడ కాదన్నట్టు తల కదిపి, నా బైబిలు వైపే చూస్తున్నారు. అప్పుడర్థమైంది నాకు.

వెనక్కి వెళ్లి చదివాను. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను, నీవు నాకు తోడైయుందువు." వేలు మెల్లగా దుప్పటి మీదికి దిగింది.

ఎన్ని సమాధుల దగ్గర ఆ కీర్తన చదివానో లెక్కలేదు. అందులో ఉన్న ఒక సంగతి ఆ గదిలోనే మొదటిసారి గమనించాను. మొదటి మూడు వచనాల్లో కీర్తనకారుడు దేవుణ్ని "ఆయన" అంటాడు. ఆయన పరుండజేస్తాడు, ఆయన నడిపిస్తాడు. దేవుడి గురించి ఇంకెవరికో చెప్తున్నట్టు ఉంటుంది. లోయలోకి దిగాక "ఆయన" పోయి "నీవు" వస్తుంది. అక్కడి నుంచి దేవుడితోనే నేరుగా మాట్లాడుతున్నాడు. నేను దాటేసింది సరిగ్గా ఆ వచనాన్నే. సమాధి దగ్గర ఆ తండ్రికి నేను చదివి వినిపించిందంతా "ఆయన" గురించే.

ఆవిడ ఆ తర్వాత మూడో రోజు వెళ్లిపోయారు. సమాధి కార్యక్రమం నేనే చేశాను.

మరుసటి వారం ఆ పిల్లవాడి తండ్రి ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, "రండి అయ్యగారూ, కూర్చోండి" అన్నాడు. బైబిలు సంచిలోంచి తీయలేదు. "ఆ రోజు మీరు నన్నొకటి అడిగారు. నా దగ్గర జవాబు లేదు. లేదని అప్పుడే మీకు చెప్పాల్సింది" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్లి పిల్లవాడి ఫొటోల కవరు తెచ్చి, ఒక్కొక్కటే నా చేతికిస్తూ ఏది ఎప్పుడు తీసిందో చెప్పడం మొదలుపెట్టాడు.