క్వీన్స్ గాంబిట్ ఎక్స్ఛేంజ్: బి4 తోసే ముందు డి7 గుర్రాన్ని చూడాలి

చదరంగంలో ఈ ఓపెనింగ్ లైన్ ఇది (× అంటే కొట్టడం; అంకె పక్కన మూడు చుక్కలుంటే అది నల్ల ఎత్తు): 1. డి4 డి5 2. సి4 ఇ6 3. నైట్ సి3 నైట్ ఎఫ్6 4. సి×డి5 ఇ×డి5 5. బిషప్ జి5. ఇక్కడ ఏర్పడే కార్ల్స్‌బాడ్ బంట్ల అమరికలో క్వీన్ వైపు తెల్లకి రెండు బంట్లు, నల్లకి మూడు. ఆ రెండింటినీ మూడింటి మీదికి తోలడమే మైనారిటీ ఎటాక్.

ముందు ఎత్తుల వరస. 4. నైట్ ఎఫ్3 ఆడేసి తర్వాత డి5లో కొడితే, నల్ల సి6 వేసి బిషప్‌ని ఎఫ్5కి హాయిగా తెచ్చుకుంటుంది. ఆ బిషప్ బయటపడితే దానికి సగం బాధ తీరినట్టే. గుర్రం జి1లోనే ఉంటే 5...సి6 6. ఇ3 బిషప్ ఎఫ్5కి 7. క్వీన్ ఎఫ్3 జవాబు: 7...బిషప్ జి6 8. బిషప్×ఎఫ్6 క్వీన్×ఎఫ్6 9. క్వీన్×ఎఫ్6 జి×ఎఫ్6, నల్ల బంట్లు చెదిరిపోతాయి. ఆ ఎండ్‌గేమ్ నచ్చనివాళ్ళు 6. క్వీన్ సి2తో ఎఫ్5 దారి మూసేయొచ్చు.

5...నైట్ బిడి7 (బి8 గుర్రం డి7కి) చూసి డి5 బంటు ఊరికే వస్తోందనుకుంటే మాత్రం కొంప మునుగుతుంది: 6. నైట్×డి5 నైట్×డి5 7. బిషప్×డి8 బిషప్ బి4 చెక్. క్వీన్‌ని అడ్డం పెట్టడం తప్ప గతి లేదు, లెక్క తేలేసరికి తెల్లకి ఒక గుర్రం తక్కువ.

అసలు దారి: 5...సి6 6. క్వీన్ సి2 బిషప్ ఇ7 7. ఇ3 నైట్ బిడి7 8. బిషప్ డి3, ఇద్దరి క్యాస్లింగ్, నైట్ ఎఫ్3, రూక్ ఇ8, నైట్ ఎఫ్8. ఇప్పుడు ఎ రూక్ బి1కి. 11...ఎ5 అంటే 12. ఎ3, ఆపైన బి4, బి5. సి6లో మార్పిడి జరిగితే అక్కడ పక్క బంట్ల ఆసరా లేని వెనకబడ్డ బంటు మిగులుతుంది. సి ఫైల్లో (నిలువు వరసలో) రూక్, ఎ4 మీదుగా సి5కి గుర్రం పెట్టి దాన్ని పీడించాలి. నల్ల సి×బి5 కొడితే డి5 బంటు ఒంటరిదవుతుంది.

బెడిసికొట్టేది ఎక్కువగా బి4 దగ్గరే. నల్ల గుర్రం ఇంకా డి7లో ఉంటే బి4కి బి5 అని అడ్డు తగిలి, బి6 మీదుగా సి4లో పాగా వేస్తుంది. సి ఫైల్ మూతపడి, సి6 మీద ఒత్తిడే ఉండదు. గుర్రం సి4 చేరకముందే ఎ4 వేసి బి5ని కదిలించాలి. అదే గుర్రం ఎఫ్8కి వెళ్ళిపోయాక అయితే బి5 నల్లకే బరువు, సి4 చాలా దూరం.

తరవాత చూడాల్సింది నైట్ జిఇ2 (జి1 గుర్రం ఇ2కి), తర్వాత బంట్లతో ఎఫ్3, ఇ4 పథకం. 1952 సోవియట్ ఛాంపియన్‌షిప్‌లో గ్రాండ్‌మాస్టర్ కెరెస్ మీద అప్పటి ప్రపంచ ఛాంపియన్ బొత్వినిక్ ముందు రూక్‌ని బి1లో పెట్టి, ఆనక దాన్నే ఇ1కి తెచ్చి మధ్యలో బంటు తోశాడు.