పొట్ట మడత సర్జరీ, ఇన్సూరెన్స్ కౌంటర్: నా అనుభవం

నిన్న సాయంత్రం బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఇన్సూరెన్స్ డబ్బు పడింది. అడిగిందంతా రాలేదు, అయినా పొయ్యి దగ్గర నిలబడే ఏడ్చేశాను. ఐదు నెలలుగా "అందం కోసం చేయించుకున్నారు" అన్నవాళ్లే చివరికి "వైద్యపరంగా అవసరం" అని కాగితం మీద రాసిచ్చారు.

నేను 118 కిలోలు ఉండేదాన్ని. రెండున్నరేళ్లలో 71కి వచ్చాను. పొద్దున్నే బళ్లు ఆపేసే విశాఖ బీచ్ రోడ్డు మీద నడక, రాత్రి అన్నం మానేయడం, అంతే. పెదవాల్తేరు నుంచి వాన పడినా గొడుగు వేసుకుని వెళ్లాను. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను.

బరువు తగ్గింది గానీ చర్మం ఉండిపోయింది. పొట్ట కింద మడత తొడల మీదకి వేలాడేది. వ్యాయామం చేస్తే బిగుస్తుందని జిమ్ ట్రైనర్ చెప్పాడు, నాలుగు వేలు పెట్టి క్రీమ్ కొనిపించాడు. నమ్మకండి. ఏళ్ల తరబడి సాగిన లంగా ఎలాస్టిక్ ఉతికితే మళ్లీ బిగుస్తుందా? చర్మాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు దెబ్బతిన్నాక ఏ క్రీమూ వాటిని తిరిగి తేలేదు. కసరత్తుతో లోపల కండ పెరుగుతుంది, పైన తోలు అలాగే ఉంటుంది.

విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందేగా. మడతలో చెమట ఆరదు. లంగా బొందు ఎక్కడ కట్టినా ఒరుసుకునేది. ఎర్రగా అయ్యేది, తడి ఓడేది, వాసన వచ్చేది. క్లాసులో పిల్లల బెంచీల దగ్గరికి వెళ్లడం మానేశాను. పోయిన ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకి వెళ్లాను, 32 కిలోమీటర్లు. అప్పూఘర్ దగ్గరికి వచ్చేసరికి మంట మొదలైంది. మాధవధార దాటేటప్పటికి చీర కుచ్చిళ్లకి రక్తం అంటింది. అయినా పూర్తి చేశాను. ఇంటికొచ్చి చూస్తే మడత లోపల అరచేయంత పుండు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఏడాదిన్నర పాటు డాక్టర్ దగ్గరికి పోకుండా మందుల షాపులో ట్యూబులు కొని రాసుకున్నాను. రెండు రోజుల్లో దురద తగ్గేది, వారానికి రెట్టింపయ్యేది. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉందని, దానివల్ల ఫంగస్ ఇంకా పాకిందని స్కిన్ డాక్టరమ్మ చెప్పి బాగా కోప్పడింది. ఆ ఏడాదిన్నరకి నా దగ్గర ఒక్క ప్రిస్క్రిప్షన్ కూడా లేదు. తర్వాత నాకు దెబ్బ కొట్టింది అదే.

ఆ మడత కోసి తీయించుకుందామని వెళ్లిన సర్జన్ మంచివారు. ఆరు నెలలుగా బరువు ఒకేలా ఉందా అని అడిగారు, హిమోగ్లోబిన్, ప్రోటీన్ చూశారు, తేదీ ఇచ్చారు. ఇదంతా తేలిగ్గా అయిపోయింది.

ఆ తర్వాత అదే హాస్పిటల్లో ఇన్సూరెన్స్ కౌంటర్. నా వెనక ఎనిమిది, తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లలో ఒకాయన మా బడి పిల్లాడి నాన్న. కౌంటర్లో అబ్బాయి "ఏం సర్జరీ?" అన్నాడు. మెల్లగా చెప్పాను. "పొట్ట తగ్గించుకోడానికా మేడమ్? అది కాస్మెటిక్, రాదు" అని హాలంతా వినపడేలా అన్నాడు. పుండ్లు పడుతున్నాయని చెప్పాను. "అయితే ఫొటోలు కావాలి, నా వాట్సాప్‌కి పెట్టండి" అన్నాడు. హాస్పిటల్ వాళ్లు తీసినవి ఫైల్లో ఉన్నాయి కదా అంటే, అవి రావడం లేటవుతుందన్నాడు. సర్జరీకి రెండే రోజులుంది. పంపాను. మడత చేత్తో ఎత్తి పట్టుకుని, పుండు కనపడేలా మా అమ్మాయి చేత తీయించుకున్న ఫొటోలవి. ఆ అబ్బాయి అక్కడే తెరిచి, పక్క సీటాయన వైపు ఫోన్ తిప్పి "ఇదిగో, ఇలా ఉంది" అన్నాడు. ఆయన ఫోన్ చూశాడు, నన్ను చూశాడు. మా వారు స్కూటర్ పార్క్ చేయడానికి వెళ్లారు. నేను కౌంటర్ చెక్క పట్టుకుని నిలబడ్డాను. పిల్లాడి నాన్న తల దించుకుని పక్కకి జరిగాడు. ఆయన మర్యాద మర్చిపోలేను.

రెండు గంటల్లో క్యాష్‌లెస్, అంటే కంపెనీయే నేరుగా హాస్పిటల్‌కి బిల్లు కట్టడం, కుదరదని వచ్చింది. లావుగా ఉన్నప్పుడు బస్సులో నవ్వారు. తగ్గి చూపించాక కూడా నా ఒళ్లు పదిమంది చూసే వస్తువేనా? జబ్బు చెప్పుకోవడానికి వచ్చిన ఆడమనిషితో గదిలో తలుపు వేసి మాట్లాడాలని ఎవరూ నేర్పరా?

గాజులు బ్యాంకులో పెట్టి సర్జరీ చేయించుకున్నాను. మూడు కిలోలకి పైగా చర్మం, కొవ్వు తీశారు. తొమ్మిది రోజులు లోపలి నీరు బయటికి తీసే రెండు డ్రెయిన్ గొట్టాలు, వారం పైగా వంగి నడక, ఆరు వారాలు బెల్టు. బిందె ఎత్తనివ్వలేదు. మా అత్తయ్య నాకు తల దువ్వి జడ వేసేది.

పడుకుని ఉన్న ఆ రోజుల్లో పాలసీ పుస్తకం మొత్తం చదివాను. మీరూ చదవండి, ఏజెంటు మాట వినొద్దు. కాస్మెటిక్ సర్జరీకి డబ్బివ్వం అనే చోటే మినహాయింపు కూడా ఉంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే సర్జరీకి ఇస్తారు. రోగి ఆరోగ్యానికి ప్రత్యక్షంగా, తక్షణంగా ఉన్న ముప్పు తొలగించే చికిత్సలో భాగమైనా ఇస్తారు. చూసిన డాక్టర్ అది అవసరమని రాసివ్వాలి. స్కిన్ డాక్టరమ్మ, సర్జన్ ఇద్దరి చేతా అదే మాటతో ఉత్తరాలు రాయించాను. పుండులో ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్టు, మందుల బిల్లులు జతచేసి రీయింబర్స్‌మెంట్‌కి, అంటే నేను కట్టిన డబ్బు తిరిగి ఇమ్మని, పెట్టాను. మళ్లీ తిరస్కరించారు, పాత చికిత్సకి ఆధారం లేదని. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాను. 30 రోజుల్లో తేల్చకపోతే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి, హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తానని అందులోనే చెప్పాను. అక్కడ ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లొచ్చు. 26వ రోజున దిగొచ్చారు. మడత తీసినందుకు ఇచ్చారు. అదే సర్జరీలో లోపల కండ బిగించినదానికి ఇవ్వలేదు. దానికి ఒప్పుకున్నాను.

మచ్చ ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉంది, ఇంకా ఎర్రగానే. లంగా బొందు మాత్రం నడుముకి కట్టుకుంటున్నాను, పుండు లేదు.

ఆ ఫొటోలు ఫోన్లోంచి తీసేసినట్టు రాసిమ్మని హాస్పిటల్‌కి రెండుసార్లు ఉత్తరం ఇచ్చాను. జవాబు లేదు. సోమవారం సెలవు పెట్టాను, మా వారితో కలిసి మళ్లీ వెళ్తున్నాను.