ఎలక్ట్రిక్ ఫ్లాగ్: ఊదే వాయిద్యాలతో వచ్చిన రాక్ బృందం

1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో జరిగిన పాప్ సంగీతోత్సవం మాట వస్తే, జిమీ హెండ్రిక్స్ గిటారుకు నిప్పు పెట్టిన సంగతే అందరూ ఎత్తుకుంటారు. అదే వేదిక మీద మొదటిసారిగా జనం ముందుకు వచ్చిన ఎలక్ట్రిక్ ఫ్లాగ్‌ను తలచుకొనేవారు అరుదు. షికాగోలో బ్లూస్ (అమెరికా నల్లజాతివారి వేదన నుంచి పుట్టిన సంగీతం) వాయించే నల్లజాతి విద్వాంసుల సాంగత్యంలో గిటారు పట్టు సాధించిన మైక్ బ్లూమ్‌ఫీల్డ్, పాల్ బటర్‌ఫీల్డ్ నడిపిన బ్లూస్ బృందాన్ని విడిచి, బ్లూస్, సోల్, జాజ్, రాక్ అన్నింటినీ ఒకే గొడుగు కిందికి తేవాలన్న పట్టుదలతో దీనిని కట్టాడు. డ్రమ్స్ మీద బడ్డీ మైల్స్, కీబోర్డు మీద బారీ గోల్డ్‌బర్గ్, బేస్ గిటారు మీద హార్వే బ్రూక్స్, గానానికి నిక్ గ్రేవనైటిస్. వీరికి తోడు ట్రంపెట్, శాక్సఫోన్లు.

నన్ను కట్టిపడేసింది ఈ ఊదే వాయిద్యాల వరుసే. మా తిరుపతిలో పెళ్లి ఊరేగింపు ముందు నడిచే బ్యాండుమేళంలో పాడేవారు ఉండరు కనుక, పాట వరసనంతా ట్రంపెట్టే మోయవలసి వస్తుంది. ఎలక్ట్రిక్ ఫ్లాగ్‌లో ఆ భారం గొంతుదీ గిటారుదీ. గాయకుడు ఊపిరి తీసుకొనే సందులో ఊదే వాయిద్యాలు ఒక్క విసురు విసిరి తప్పుకుంటాయి. మొదటి ఆల్బమ్‌లోని తొలి పాట ‘కిల్లింగ్ ఫ్లోర్’ అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ప్రసంగంతో మొదలై, పకపక నవ్వులతో ఆ గంభీరమైన గొంతు తెగిపోయి, వెంటనే వాయిద్యాలు విరుచుకుపడతాయి. వియత్నాం యుద్ధకాలంలో అంతకన్నా సూటి వ్యాఖ్య ఏముంటుంది?

ఆ ఆల్బమ్ 1968లో వెలువడేనాటికే బృందాన్ని మాదకద్రవ్యాలూ మనస్పర్థలూ తినివేశాయి. బ్లూమ్‌ఫీల్డ్ ఆ ఏడాదే వెళ్లిపోయాడు. మైల్స్ తరువాత హెండ్రిక్స్ పక్కన వాయించాడు. అదే బాటలో వచ్చిన ‘బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్’, ‘షికాగో’ అనే రెండు బృందాలకు పేరూ డబ్బూ దక్కాయి. షికాగో వారి కూర్పు మరింత నున్ననిదే, కాదనను. కాని ఎలక్ట్రిక్ ఫ్లాగ్‌లో ఉన్న బ్లూస్ సెగ నాకు అక్కడ తగలలేదు.

వినదలచినవారు అదే ఆల్బమ్‌లోని ‘అనదర్ కంట్రీ’ పాటతో ప్రారంభించవచ్చు. నడుమ వచ్చే రణగొణధ్వని ఆనాటి సైకెడెలిక్ (మత్తులోని భ్రమలను తలపించే సంగీతం) మోజుకు గుర్తు. అది నేడు పాతబడిన మాట నిజం. దాని వెంట వచ్చే బ్లూమ్‌ఫీల్డ్ గిటారు మాత్రం పాతబడలేదు.