ఎంతైతే ఎక్కువ జీతం?

బెంగళూరులో మన తెలుగువాళ్లు కలిసిన చోట జీతం మాట రాకుండా ఉండదు. మారతహళ్లి కానీ, బీటీఎం కానీ, వైట్‌ఫీల్డ్ కానీ, ఆదివారం నలుగురు చేరి బిర్యానీ తెప్పించుకుంటే చాలు, తిని చేతులు కడుక్కునే లోపే ప్యాకేజీల దగ్గరికి వచ్చేస్తారు. ఏడాదికి 12 లక్షలంటే మంచి జీతమేగా అని ఒకరు, 40 లేనిదే ఈ ఊళ్లో సంసారం నడవదని ఇంకొకరు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయినా ఈ వాదన విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఐటీలో ఉన్న మనలో చాలామందిది ఎక్కువ జీతమే. దాన్ని ఒప్పుకోవడానికి మనకి నోరు రాదు. అలాగని అంకె ఒక్కటీ చూసి ఎవరు బాగున్నారో చెప్పలేం. ఆ జీతం మీద ఎంతమంది బతుకుతున్నారు, అది ఆగిపోతే ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుంది, ఈ రెండూ అడిగాకే నేను ఎవరి జీతం గురించైనా మాట్లాడతాను.

మాది కదిరి దగ్గర పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే అప్పు. నాకు 12 లక్షల ఆఫర్ వచ్చిందని ఫోన్ చేస్తే నాయన అక్కడికక్కడే పన్నెండుతో భాగించి, "నెలకి లచ్చ వస్తాది మావాడికి" అని రచ్చబండ దగ్గర చెప్పేశాడు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. ఆఫర్ లెటర్‌లో రాసిన అంకే అలాంటిది.

ఆ అంకెని సీటీసీ అంటారు, అంటే కంపెనీకి మన మీద అయ్యే మొత్తం ఖర్చు. 12 లక్షల ప్యాకేజీలో బేసిక్ నెలకి 40 వేలు అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 12 శాతం, అంటే 4,800. కట్టేది వాళ్లే అయినా లెక్క మాత్రం మన 12 లక్షల్లోనే. గ్రాట్యుటీ అని నెలకి ఇంకో 1,900 చిల్లర పక్కన పెడతారు, అది చేతికి రావాలంటే మామూలుగా ఐదేళ్లు అక్కడే చెయ్యాలి. వేరియబుల్ 10 శాతం అయితే లక్షా ఇరవై వేలు. కంపెనీకి లాభం వచ్చి, మన రేటింగ్ బాగుంటే ఏడాది చివర ఇస్తారు, లేకపోతే కోస్తారు. ఇవన్నీ పోతే నెలకి 83 వేలు. అందులోంచి మన వాటా పీఎఫ్ మళ్లీ 4,800, కర్ణాటక ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. చేతికొచ్చేది 78 వేలు. అది కూడా 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12.75 లక్షల దాకా జీతానికి ఆదాయపు పన్ను పడదు కాబట్టి. అంతకుముందు అయితే ఇంకా తగ్గేది.

లక్షకీ 78 వేలకీ మధ్య పోయిన 22 వేలు ఊళ్లో ఎవరికీ కనపడవు. చేబదులు అడిగేవాళ్లు లక్షనే చూస్తారు. చిట్టీలో చేరమనేవాళ్లూ అంతే. మా ఊరి గుడి పనికి చందాల పుస్తకం తిప్పినప్పుడు నా పేరు ఎదురుగా అంకె ముందే వేసేశారు. నాయన ఏమీ అనలేకపోయాడు. బయట గొప్పగా చెప్పుకున్నాక తగ్గించమని ఎలా అడుగుతాడు?

మా టీమ్‌లో నాతోపాటే చేరిన అబ్బాయి ఉండేవాడు. విజయవాడవాడు. ఇద్దరిదీ ఒకే గ్రేడ్, ఒకే జీతం. వాళ్ల నాన్న బ్యాంకులో చేసి రిటైరయ్యాడు, పెన్షన్ వస్తుంది, సొంతిల్లు ఉంది. తనకి వచ్చే జీతం మొత్తం తనదే. మూడేళ్లలో అమరావతి వైపు స్థలం కొన్నాడు, అందుకు నాకు సంతోషమే. నా డబ్బు మాత్రం ఎటు పోయేదో చెప్తాను. చదువు లోను కిస్తీ, చెల్లెలి నర్సింగ్ ఫీజు, అమ్మ షుగర్ మందులు, నాయన వేయించిన బోరుకి తెచ్చిన అప్పు. ఆ బోరు ఎనిమిది వందల అడుగులు దింపినా దుమ్మే లేచింది. మావైపు ఇది వింత కాదు. రిగ్గు బండి వచ్చిన రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోరు, తెల్లారేసరికి లక్షలు భూమిలోకి పోయి ఉంటాయి. అడుగుకి ఇంత అని లెక్క, నీళ్లు పడ్డా పడకపోయినా ఇచ్చి తీరాలి. ఆ డబ్బు బెంగళూరు జీతంలోంచే వెళ్తుంది. ఆఫీసులో మా ఇద్దరివీ ఒకే అంకెలు. వాడు ఆ అంకె మీద కడుతూ పోయాడు, నేను దాంతో పూడుస్తూ వచ్చాను.

పెళ్లి సంబంధాల్లో ఈ అంకెల పిచ్చి ఇంకో రకంగా బయటపడుతుంది. నాకు సంబంధాలు చూసేటప్పుడు, "బెంగళూర్లో పదిహేనంటే ఏం మిగుల్తుందండీ, బాడుగలకే చాలదు కదా" అని ఒక పెద్దమనిషి మొహం మీదే అన్నాడు. అనడంలో తప్పులేదు, కూతురి సుఖం చూసుకుంటాడు. ఆ తర్వాత రెండేళ్లకి మా చిన్నాన్న కూతురికి చూడటం మొదలుపెట్టాం. పిల్లది ఇక్కడే బెళ్లందూరులో పని చేస్తుంది, 18 లక్షలు. వచ్చిన సంబంధాల్లో సగం ఆ అంకె దగ్గరే ఆగిపోయాయి. అబ్బాయికి 14, 16 ఉంటే, "అమ్మాయిది ఎక్కువ జీతం, రేపు ఇంట్లో మాట వింటుందా" అని మధ్యవర్తితో అనిపించారు. మా పిన్ని భయపడి, బయోడేటాలో జీతం తగ్గించి రాద్దామంది. "నేను కష్టపడి తెచ్చుకున్నది ఎందుకు తగ్గించాలమ్మా" అని పిల్లది ఒప్పుకోలేదు. తనే గెలిచింది, ఆ సంగతి నాకు ఎప్పటికీ గర్వమే. మగపిల్లవాడికి 15 లక్షలు చాలనప్పుడు ఆడపిల్లకి 18 మితిమీరిపోతాయా? ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పినవాళ్లని నేనింకా చూడలేదు.

మా పిన్నమ్మ వరసామె కూతురు ఇంకొకతె ఉంది. బొమ్మనహళ్లిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుపని. చేతికి 13 వేలు, ఓటీ ఉంటే ఇంకాస్త. కాన్పు అప్పుడు ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా వల్ల 26 వారాల డబ్బు వచ్చింది, దాంతోనే నెట్టుకొచ్చారు. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు మా మాటలు విని నవ్వి, "నెలకి ఇరవై అయిదు వేలొస్తే చాలన్నా, అంతకంటే ఇంకేం కావాల" అంది. తన నోటికొచ్చిన అంకె చెప్పింది పాపం. కానీ 2022లో ప్రధాని ఆర్థిక సలహా మండలి విడుదల చేసిన అసమానతల నివేదికలో ఉన్నదీ అదే అంకె. నెలకి 25 వేలు సంపాదిస్తే మన దేశంలో సంపాదించేవాళ్లలో పై 10 శాతంలో ఉన్నట్టేనట. 2019-20 సర్వే లెక్కలవి. ఈ ఐదారేళ్లలో కొంత పెరిగే ఉంటుంది, అది వేరే మాట. తను కలగన్న జీతం కంటే ఆఫీసు క్యాబ్‌లో నా పక్కన కూర్చునే కుర్రాడి జీతం నాలుగింతలు. వాడు ఇంటర్నెట్‌లో ఇంకొకరి ప్యాకేజీ చూసి రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదంటాడు.

ప్రభుత్వానికైనా ఒక లెక్క ఉందా అని చూస్తే, ఒక్కో చోట ఒక్కో గీత. ఆంధ్రలో రేషన్ కార్డుకి పట్టణంలో నెలకి 12 వేలు దాటకూడదన్నారు, పల్లెలో 10 వేలు. ఈఎస్‌ఐ గీత 21 వేలు, 2017లో పెట్టింది. ఇక్కడ కర్ణాటకలో 25 వేలు వచ్చేసరికి ప్రొఫెషనల్ ట్యాక్స్ మొదలు. ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్‌కి మాత్రం కుటుంబానికి ఏడాదికి 8 లక్షల దాకా, అంటే నెలకి 66 వేలు వచ్చినా, ఆర్థికంగా వెనకబడినట్టే. 66 వేల ఇంటికీ, 12 వేల ఇంటికీ ఒకే దేశంలో ఒకే మాట వర్తిస్తుందా? అర్హత ఉన్నవాళ్లు తీసుకోవడం తప్పని నేను అనను. గీత గీసినవాళ్లు 12 వేల ఇంటిని ఒక్కసారి వచ్చి చూడాల్సింది అంటాను.

40 లక్షలు చాలవనేవాళ్లని కూడా నేను అబద్ధాలకోరులు అనుకోవడం లేదు. కొవిడ్ తర్వాత అందరూ ఆఫీసులకి తిరిగొచ్చాక ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ బాడుగలు ఎలా ఎగబాకాయో అందరం చూశాం. పది నెలల అడ్వాన్స్ ఈ ఊరి పాత అలవాటు, 35 వేల ఇంటికి మూడున్నర లక్షలు ముందే పోయాలి. పిల్లల బడి ఫీజు మన ఊళ్లో ఇంజనీరింగ్ చదువంత. నీళ్లయితే చెప్పనక్కర్లేదు. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, చివరికి ప్రభుత్వమే ట్యాంకర్లకి రేటు కట్టింది, ఐదు కిలోమీటర్ల లోపు 12 వేల లీటర్లకి వెయ్యి రూపాయలు. అంతకుముందు అడిగినంత ఇచ్చినవాళ్లం మేమే. ఆ నెలల్లో మా బిల్డింగ్‌లో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట నీళ్లు వదిలేవాళ్లు. కరువు సీమ నుంచి పారిపోయి వచ్చినవాళ్లం ఇక్కడ బకెట్లు నింపి పెట్టుకున్నాం.

ఈ ఊళ్లో మంచి సర్కారు బడి, నమ్మకమైన ఆసుపత్రి, కొళాయిలో నీళ్లు ఉంటే ఇదే జీతం ఇంకా ఎంతో దూరం వచ్చేది. అన్నీ మనమే కొనుక్కోవాల్సి వచ్చే చోట ఎంత వచ్చినా చాలదు అనిపిస్తుంది. ఆ కోపం పోవాల్సింది నగరపాలక సంస్థ మీదికి, ప్రభుత్వం మీదికి. అది పోయి పోయి పక్క సీటు వాడి ప్యాకేజీ మీద పడుతోంది.

నాకు బాగా కావలసిన స్నేహితుడొకడు 34 లక్షలకి చేరాడు. సర్జాపుర రోడ్డులో ఫ్లాట్ కొన్నాడు, ఈఎంఐ 92 వేలు. వాళ్ల నాన్నకి కిడ్నీ జబ్బు, డయాలసిస్ ఖర్చంతా కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో నడిచేది. ఒక మంగళవారం పొద్దున పదిహేను నిమిషాల వీడియో కాల్ పెట్టి ఉద్యోగం పోయిందన్నారు. రెండు నెలల జీతం ఇచ్చారు. ఇన్సూరెన్స్ మాత్రం ఆఖరి పనిదినంతో ఆగిపోయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్ ఆ తర్వాతి వారం నుంచి చేతి డబ్బుతో. కొత్తగా సొంత పాలసీ తీసుకుందామంటే ముందే ఉన్న జబ్బుకి ఆగాల్సిన గడువు అడ్డం వచ్చింది. ఐదో నెలలో వేరే ఉద్యోగం వచ్చింది, 26కి. "తగ్గింది కదరా" అని ఎవరో అంటే, కొత్త కంపెనీని తను అడిగిన మొదటి మాట, అమ్మానాన్నలకి ఇన్సూరెన్స్ కవర్ ఉందా లేదా అనేదొక్కటే అని వాడు చెప్పాడు. మా నాయన ఎప్పుడూ, "సర్కారు బడి అయ్యవారి జీతం తక్కువే కావొచ్చు, నడిమధ్యలో ఎవరూ తీసెయ్యలేరు కదప్పా" అనేవాడు. అది పాతకాలపు ఆలోచన అనుకునేవాళ్లు ఆ ఐదు నెలలు వాడింట్లో కూర్చుని ఉంటే తెలిసేది.

అందుకే కొత్తగా ఆఫర్ పట్టుకొని వచ్చే పిల్లలకి నేను ప్యాకేజీ ఎంత అని అడగను. ఫిక్సెడ్ ఎంత, వేరియబుల్ ఎప్పుడు ఇస్తారు, జాయినింగ్ బోనస్ ఏడాది లోపు మానేస్తే వెనక్కి కట్టాలా, నోటీసు మూడు నెలలా, ఇంట్లోవాళ్లకి ఇన్సూరెన్స్ ఉందా, ఇవి అడిగి కాగితం మీద రాయిస్తాను. సొంతంగా ఇంకో హెల్త్ పాలసీ తీసుకోమని, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టేదాకా కారు మాట ఎత్తొద్దని గట్టిగా చెప్తాను. కొందరు వింటారు.

ఈమధ్య మా అపార్ట్‌మెంట్‌లో జరిగింది కూడా చెప్పాలి. మునెకొళాలలో మేమున్న బిల్డింగ్‌లో గిన్నెలు తోమి ఇల్లు తుడిచే ఆమెది మదనపల్లె వైపు. ఆరిళ్లు చేస్తుంది, ఇంటికి 2,500. పిల్లోడిని ఐటీఐలో చేర్చింది, ఇంటికి ఐదు వందలు పెంచమని అడిగింది. వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు దాని మీదే చర్చ. "అందరూ ఒకేసారి పెంచితే రేటు పాడైపోతుంది" అని ఒకరు రాశారు. "వీళ్లకి పన్ను కూడా ఉండదు, మిగిలేదంతా మిగిలినట్టే" అని ఇంకొకరు. ఆ రెండో ఆయనే ఆదివారం బిర్యానీ దగ్గర 40 లక్షలు చాలవన్న మనిషి. నేను అదే గ్రూపులో ఆరిళ్ల లెక్క రాసి పెట్టాను. నెలకి 15 వేలు, బాడుగ 5 వేలు, ఇద్దరు పిల్లలు, పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, ఒంట్లో బాగాలేక మానేస్తే ఆ రోజు కోత. కాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత మా అంతస్తు నుంచి ఇద్దరు, కింద నుంచి ఒకరు సరే అన్నారు. నాతో కలిపి నాలుగిళ్లలో ఒకటో తారీకు నుంచి 3,000 ఇస్తున్నాం. మిగతా రెండిళ్లతో ఆవిడే మాట్లాడుకుంటానంది, వచ్చే నెల మీటింగ్‌లో వారానికొక సెలవు సంగతి కూడా అడగమని నాకు చెప్పింది.