గర్భసంచి తీశాక ఎవరూ అడగని ప్రశ్న

గర్భసంచి తీసేసి ఏడు నెలలైంది. కుట్లు మానాయి, రక్తస్రావం బాధ తీరింది. కానీ రోజూ మరుగుదొడ్డిలో అరగంట ముక్కినా కడుపు పూర్తిగా ఖాళీ అయినట్లు ఉండేది కాదు. అత్తయ్యకు చెప్పలేను, మావారికీ చెప్పలేను. చివరికి ఫిజియోథెరపిస్టు దగ్గర ఏడ్చేశాను. మలద్వారం చుట్టూ ఉన్న కండరాలు వదులు కావలసిన సమయంలో నేను బిగిస్తున్నానని ఆమె గుర్తించింది. పాదాల కింద పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కంటే ఎత్తుగా ఉంచి, ముందుకు వంగి, ఊపిరి బిగబట్టకుండా కూర్చోమంది.

ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో సుమారు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. వారిలో ఎందరిని ‘విరేచనం సాఫీగా అవుతోందా అమ్మా?’ అని అడిగి ఉంటారు? నన్ను ఎవరూ అడగలేదు.

ఆరు వారాల సాధన తర్వాత ఇప్పుడు పది నిమిషాల్లో బయటికి వస్తున్నాను.